మరణించిన స్థలం

ప్రొద్దుటూరు,
12 సెప్టెంబరు 2024

మామకు సుమతి నమస్కారాలు.

నేను, పాప ప్రసూన ఇక్కడ బాగానే ఉన్నాం. మీరు, అత్త, రమేష్ అక్కడ బాగున్నారని తలుస్తాను. ఈ కాలంలో ఉత్తరమేమిటని మీకు నవ్వు రావచ్చు. ఏం చేయను, మీతో ఫోనులో మాట్లాడాలంటే స్పీకరు పెట్టి అరవాలి. నా మాట మీ చెవికి ఎక్కేలోపల వీధి చివరి ఇంటిదాకా పోతుంది. పోయిన నెల మీకు ఒక్క సంగతి చెప్పినందుకు సాయంత్రానికల్లా మీ ఊరినుంచి ముగ్గురు ఫోన్ చేసి నన్నే అదేమిటని అడిగారు. పైగా ఇది అత్త ముందర అరిచి చెప్పేది కాదు. మీరు ఎనిమిదో తరగతి దాకా చదివినవారు కదా, నిదానంగా చదువుకోండి.

మామా, ఆయన పోయినట్టు ఒక కాగితం కావాలి. డెత్ సర్టిఫికెట్. ఆయన పులివెందుల పశువుల ఆసుపత్రిలో అటెండరుగా ఉంటూ పోయారు కాబట్టి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. నేను ఇంటరు చదివాను, నాకు వస్తుందని ఆఫీసులో చెప్పారు. అయితే మనిషి పోయిన ఏడాదిలోపే దరఖాస్తు పెట్టాలి. ఫిబ్రవరి దాటితే ఇక లేదు. ఆ దరఖాస్తుకు మొట్టమొదటి కాగితం ఇదే. ఇది లేకుండా మిగతావి బల్ల మీద కూడా పెట్టనివ్వడం లేదు.

ఈ కాగితం కోసం తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. ఆయన్ను చేర్చిన ఇక్కడి ఆసుపత్రికి వెళితే, "మా దగ్గరనుంచి ప్రాణంతో పోయినాడు, సంతకం పెట్టి తీసుకపోయింది మీరే కదమ్మా" అన్నారు. నిజమే, ఆ సంతకం నాదే. ఇక్కడి మునిసిపాలిటీకి వెళితే, "మనిషి యాడ పోతే ఆడనే రాయిచ్చుకోవల్ల, ఈడ పోలేదు కదా" అన్నారు. చివరికి మన ఊరి సచివాలయానికి ఫోన్ చేశాను. ఇంట్లో పోయి ఉంటే, ఆ సమయంలో పక్కన ఉన్నవారు వచ్చి, ఎప్పుడు ఎక్కడ పోయాడో ప్రమాణపత్రం మీద సంతకం పెడితే మిగతాది తాము చూసుకుంటామని సెక్రటరీ చెప్పారు. ఆసుపత్రినుంచి ఊరికి వ్యానులో ఆయనతో వచ్చింది మీరు. నేను ఆసుపత్రి కాగితాలు తీసుకుని రమేష్ బండి మీద వెనక వచ్చేసరికి అంతా అయిపోయింది. కాబట్టి ఆ సంతకం మీరే పెట్టాలి.

మామా, మీకు తెలియనిది ఏముంది. అన్న ఇంట్లో ముందు గదిలో ఉంటున్నాం. వదిన మంచిదే, కానీ ప్రసూన ఒక గ్లాసు కింద పెట్టినా నా వైపే చూస్తుంది. బాలకృష్ణయ్య గారి చీరల అంగట్లో పొద్దుననుంచి నిలబడి చీరలు విప్పడం, మడతపెట్టడం. కూర్చుంటే మేనేజరుకు నచ్చదు. ఈ ఉద్యోగం వస్తే పులివెందులలో ఒక చిన్న ఇల్లు తీసుకుని నా బిడ్డను నేను సాక్కుంటాను. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

రేపో ఎల్లుండో వెళ్ళి సంతకం పెట్టేయండి.

మీ కోడలు,
సుమతి


బోడిమిట్టపల్లె,
జమ్మలమడుగు తాలూకా,
24-9-24

చిరంజీవి సుమతికి మామ తిప్పన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మా అయ్యవారు నేర్పిన పద్ధతిలో ఆడబిడ్డకు రాసేటప్పుడు సౌభాగ్యవతి అని మొదలుపెట్టాలి. కలం అక్కడికి పోయి ఆగింది. ఏం రాయాలో తెలియక కాగితం మడిచి పక్కన పెట్టినాను. అందుకే ఉత్తరం ఆలస్యం అయింది.

వానలు పడినాయి. పడిన సంతోషం లేకుండా జీవాలకు నీలినాలుక రోగం తగులుకుంది. మూతి వాచి మేత ముట్టడం లేదు. మంచి పొట్టేలు ఒకటి పోయింది. జనార్దనుడు ఉన్నప్పుడు రోగం రాకముందే టీకా పెట్టె చంకన పెట్టుకుని వచ్చేవాడు. ఇప్పుడు ఎవరిని అడిగినా రేపు అంటారు. రమేష్ తెల్లారకముందే దొడ్డి ఊడ్చి, వేపాకు పొగ వేస్తున్నాడు. వాడు ఇప్పుడు బాగా చెప్పినమాట వింటున్నాడు.

మీ అత్తకు మోకాళ్ళ నొప్పులు. ప్రసూనను అడుగుతూ ఉంటుంది. పాప జడ వేసుకునేంత జుట్టు పెరిగిందా అని రాయమంది. నీ ఉత్తరం ఎవరిదని అడిగితే బ్యాంకు కాగితం అని చెప్పినాను.

నువ్వు రాసిన పని గురించి. సెక్రటరీ ఊళ్ళో ఉండడం లేదు. ఉన్ననాడు నాకు తీరడం లేదు. చూస్తాను. అయినా అంత తొందర ఏమిటమ్మా. ఆడమనిషివి, పులివెందులలో ఒంటరిగా ఉండి ఉద్యోగం చేయడం అంత సులభమా. రమేష్ ఉన్నాడు, మేము ఉన్నాము. నువ్వు పాపను తీసుకుని ఇక్కడికే వచ్చేయవచ్చు కదా. ఆలోచించు.

ఇట్లు,
మామ తిప్పన్న


ప్రొద్దుటూరు,
10 అక్టోబరు 2024

మామకు,

ప్రసూన జుట్టు జడకు వచ్చిందని అత్తతో చెప్పండి. పొట్టేలు పోయిందంటే బాధ వేసింది. కానీ మామా, మీరు నాతో నిజం చెప్పలేదు.

నిన్న సెలవు పెట్టుకుని మన ఊరి సచివాలయానికి వచ్చాను. ఇంటికి రాలేదు, అందుకు కోపగించుకోకండి. మధ్యాహ్నం బస్సుకే తిరిగిపోవలసి వచ్చింది. సెక్రటరీ రోజూ ఉంటాడట. మీరు పోయిన నెలలోనే వచ్చారట. కాగితం అంతా రాయించి, "ఇంటి దగ్గర మరణించినాడని దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను" అన్న దగ్గర చదివి వినిపించగానే కలం కింద పెట్టి, టవలు దులుపుకుని లేచిపోయారట. సెక్రటరీ వెనకాలే వచ్చి అరిచి పిలిచినా తిరగలేదట. "పెద్దాయనకు వినపడలేదేమో" అన్నాడు పాపం. మీకు వినపడిందో లేదో నాకు తెలుసు.

ఎందుకు పెట్టలేదు? బస్సులో కూర్చుని మీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. రమేష్ ఉన్నాడు, రమేష్ బాగా చెప్పినమాట వింటున్నాడు, నువ్వు ఇక్కడికే వచ్చేయి. అప్పుడు అర్థమైంది. నాకు కాగితం లేకుండా గడువు దాటిపోతే ఏదో ఒక దారిలో రమేష్‌కు ఉద్యోగం వేయించుకోవచ్చని ఎవరో మీకు చెప్పారు. లేకుంటే కన్నకొడుకు చావు మీద ఒక్క సంతకం పెట్టడానికి మీకేమిటి అడ్డం?

రమేష్ నాకు మరిదైనా తమ్ముడిలాంటివాడు. వాడికి చెడు కోరను. కానీ ఆ ఉద్యోగం ఆయన చెమటది. ఆయన భార్యకూ బిడ్డకూ చెందాలి. ఇంత కటువుగా మీకు రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

ఇక్కడ పరిస్థితి ఏమీ బాగాలేదు. వదిన వాళ్ళ పిన్ని కూతురు కాన్పుకు వస్తుందట, ముందు గది కావాలట. ఎక్కడికి పోవాలో తెలియడం లేదు.

సుమతి


బోడిమిట్టపల్లె,
19-10-24

సుమతికి,

నీ ఉత్తరం చదివిన పొద్దు నాకు అన్నం సయించలేదు. రమేషుకు ఉద్యోగమా? వాడు ఏడో తరగతి తప్పి బడి ముఖం చూడనివాడు. గొర్రెల చెవులకు గాట్లు పెట్టి గుర్తుపడతాడే గానీ, కాగితం మీద అక్షరాలు వాడికి ఎట్లా తెలుస్తాయి. ఆ ఆలోచన నాకు రాలేదు. నీకు వచ్చింది. పదేళ్ళు కోడలుగా ఉండి మా గురించి నువ్వు తెలుసుకున్నది ఇదా.

నేనూ ఒకటి విన్నాను. జమ్మలమడుగు సంతలో మీ వదిన తరఫువాళ్ళు కలిసినారు. మీ అన్న నీకు సంబంధం చూస్తున్నాడని, అవతలివాళ్ళు మొదటి మొగుడు పోయినట్టు కాగితం చూపిస్తే గానీ ముందుకు రామన్నారని చెప్పినారు. నేను నమ్మలేదు. నువ్వు సచివాలయం దాకా వచ్చి, అత్త ఇల్లు తొక్కకుండా పోయినావని తెలిసినాక నమ్మాల్సి వస్తోంది. నీ ఈడు చిన్నది. చేసుకుంటే తప్పనను. కానీ ఉద్యోగం అని సాకు చెప్పి నా చేత సంతకం పెట్టించుకోవద్దు.

ఇక్కడ ఒక చావు జరిగింది. మన వీధి ఓబులేసు కలమల్ల కరెంటు ప్లాంటులో పని చేసేవాడు కదా, అద్దె గదిలో నిద్రలోనే గుండె ఆగి పోయినాడు. శవాన్ని తెచ్చినారు. మన ఊరి కట్టు నీకు తెలిసిందే, బయట పోయినవాడు పొలిమేర దాటి లోపలికి రాకూడదు. ఊరి బయట కల్లంలో గోనెపట్టలు పరిచి పండబెట్టినారు. వాళ్ళమ్మ లేచి నడవలేనిది. ఇద్దరు ఎత్తుకుని తీసుకుపోయినారు. కల్లంలో దుమ్ము మీద పడి, ఒక్క పూట ఇంట్లో పెట్టండి నాయనా అని కాళ్ళు పట్టుకుంది. పెద్దలు ఒప్పుకోలేదు. పుట్టి పెరిగిన ఇల్లు కంట పడకుండానే మట్టిలో కలిసినాడు. మీ అత్త అక్కడినుంచి వచ్చి, మనం పుణ్యం చేసుకున్నాము అని నాతో అంది.

దైవసాక్షిగా అని రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టలేను. కారణం అడగొద్దు. నోటితో చెప్పేది వేరు, దేవుణ్ణి సాక్షిగా పెట్టి చెప్పేది వేరు. ఇంకెవరినైనా పట్టుకుని పని చేయించుకో. నేను అడ్డం రాను.

తిప్పన్న


ప్రొద్దుటూరు,
5 నవంబరు 2024

మామకు,

ముందు మీరు విన్న సంబంధం సంగతి. నిజమే, వదిన తెచ్చింది. భార్య పోయినవాడు, ఇద్దరు పిల్లలు, మైదుకూరు దగ్గర. నేను వద్దన్నాను. అప్పటినుంచి ఇంట్లో నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. ఉద్యోగం రాకుంటే నాకు మిగిలేది ఆ దారే అని అందరికీ తెలుసు. మీరు సంతకం పెట్టకపోతే నన్ను అక్కడికి నెట్టేది మీరే అవుతారు. అది మీరు తెలుసుకోవాలని రాస్తున్నాను.

ఇంకెవరినైనా పట్టుకోమన్నారు కదా. పట్టుకున్నాను. మీరు కాక ఆ వ్యానులో ఉన్న మనిషి ఒక్కడే, డ్రైవరు కలీం. ఇప్పటికీ ఆ ఆసుపత్రి ముందరే వ్యాను పెట్టుకుని ఉంటాడు. ఇంట్లో పోయాడని ఒక సాక్షి సంతకం పెట్టు అన్నా అని అడిగాను. అతను గుడ్డ తీసుకుని వ్యాను అద్దం తుడవడం మొదలుపెట్టాడు. నేను ఏడ్చాను. అప్పుడు చెప్పాడు.

"నీ కండ్లల్లో నీళ్ళు చూసి చెప్తాండా సెల్లెమ్మా, పెద్దాయనకు మాటిచ్చింటి. జమ్మలమడుగు ముందర బంకు కాడ డీజిలు కోసరం ఆపితి. దిగి ఎనక్కి వచ్చి చూస్తే అప్పటికే అయిపోయిండె. సెలైను సీసా దించేస్తా పెద్దాయనా అంటి. దించొద్దు అనె. ఇంటికాడికి పోయేదాకా చెయ్యి పైకెత్తి పట్టుకోనే కూసోని వచ్చె."

మామా, నేను ఆ ఆసుపత్రి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఇన్ని నెలలుగా నేను ఏం అనుకుంటూ బతికానో మీకు తెలుసా. ఆయన ఇంట్లో, వాళ్ళమ్మ చేతి నీళ్ళు రెండు గుక్కలు మింగి పోయాడని అత్త వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటే, నాకు అత్తను చూసి కుళ్ళు పుట్టేది. అవును, కుళ్ళే. ఆసుపత్రిలో అన్ని రోజులు చాకిరీ చేసింది నేను, చివరి నీళ్ళు దక్కింది ఆమెకు అని. వ్యానులో చోటు లేదు, నువ్వు రమేషుతో వెనక రా అని నన్ను దింపింది మీరే. నేను ఎక్కి ఉంటే ఆయన పక్కన నేనుండేదాన్ని. ఆయన ఎక్కడ పోయాడో కూడా నాకు ఒక డ్రైవరు చెప్పాల్సి వచ్చింది. ఊరివాళ్ళకు చెప్పిన అబద్ధం నాకూ ఎందుకు చెప్పారు? నేనేమన్నా పొలిమేర దగ్గర కాపలా ఉన్నానా?

నిన్న జమ్మలమడుగు మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను. జననమరణాలు రాసే గుమాస్తా నేను చెప్పింది విని ఏమీ ఆశ్చర్యపోలేదు. "పోయే బండిలో పోతే, ఆ బండి మొదట యాడ ఆగితే ఆడ రాస్తారమ్మా. బంకు మా హద్దులోనే ఉంది. మాదే" అన్నాడు. ఇన్ని ఆఫీసులు తిరిగితే మాది అన్న మొదటి మనిషి అతనే. కలీం సంతకం పెడతానన్నాడు. కూడా ఉన్న బంధువుగా మీరూ పెట్టాలి. ఈసారి అది అబద్ధం కాదు కాబట్టి దైవసాక్షిగా అన్నా మీకు ఇబ్బంది ఉండదు.

ఒక్కటి అడుగుతాను, దీనికి మాత్రం దాచకుండా జవాబు రాయండి. ఆయన వ్యానులో ఏమన్నా మాట్లాడారా?

సుమతి


బోడిమిట్టపల్లె,
16-11-24

అమ్మా సుమతీ,

మాట్లాడినాడు. ప్రొద్దుటూరు దాటేటప్పుడు కళ్ళు తెరిచి, "అన్నం తిన్నావా నాయనా" అన్నాడు. తిన్నాను అన్నాను. తినలేదు. "కిటికీ తీయి, ఉడుకగా ఉంది" అన్నాడు. తీసినాను. మాఘమాసం చలిగాలి. కప్పుదామంటే వద్దని చెయ్యి ఊపినాడు. "సుమతి బండి మీద వస్తాంది, ఆ పిల్లకు శాలువా ఇచ్చింటే బాగుండు" అన్నాడు. ఆ తర్వాత నిద్రపోయినట్టే ఉండినాడు. నా చెవులు సరిగా లేవు కాబట్టి ఊపిరి ఎప్పుడు ఆగిందో నాకు వినపడలేదు. ఇంకొకడు ఉండి ఉంటే వినేవాడేమో. నిన్ను దింపి నేను ఎక్కినందుకు ఆ ఒక్కటి నన్ను తింటోంది.

నేను ఎందుకు దాచినానో చెబుతాను. బంకు దగ్గర కలీం చూసి తల ఊపినప్పుడు నాకు మొదట కల్లం గుర్తొచ్చింది. మొన్న ఓబులేసుకు జరిగింది రాసినాను కదా. అట్లా నా కొడుకును దుమ్ములో పండబెట్టి, మోకాళ్ళ నొప్పుల వాళ్ళమ్మను అక్కడికి నడిపించుకుని పోవాలి. నాకు మనసు ఒప్పలేదు. సీసా పట్టుకుని, ప్రాణం ఉంది దారి ఇవ్వండి అని అరుచుకుంటూ ఊళ్ళోకి తెచ్చినాను. ఊరి కట్టు తప్పినాను. దానికి నేను భయపడడం లేదు. గొర్రెలు చచ్చినప్పుడు, ఇది దానికేనేమో అని ఒకసారి అనుకున్నాను, అంతే.

అసలు సంగతి ఇంట్లో జరిగింది. మంచం మీద పడుకోబెట్టగానే మీ అత్త చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను తల ఎత్తి పట్టుకున్నాను. నాయనా తాగు, ఇంటికి వచ్చినావు తాగు అని నోట్లో పోసింది. పోసి నా ముఖంలోకి చూసింది. నేను ఏం చెప్పాలి? మింగినాడు అన్నాను. ఇంకొంచెం పోసింది. మింగినాడు అన్నాను. అప్పుడు తల దించి, పోయినాడే అని ఏడ్చినాను. రెండు గుక్కలు అని ఆమె లెక్కపెట్టుకుంది నా మాటను బట్టే. ఆ రెండు గుక్కల మీదే ఈ తొమ్మిది నెలలు బతుకుతోంది. ఎవరు వచ్చినా అదే చెబుతుంది, చెప్పినాక కాస్త అన్నం తింటుంది.

ఇప్పుడు కాగితంలో బంకు దగ్గర అని రాస్తే, శవం నోట్లో నీళ్ళు పోసినావు అని ఆమెకు చెప్పినట్టే. ఇంటి దగ్గర అని రాస్తే దేవుని ముందర మళ్ళీ అబద్ధం. ఆ పొద్దు సచివాలయంలో ఈ రెండింటి మధ్యా ఇరుక్కునే లేచి వచ్చేసినాను. నీకు చెప్పి ఉంటే నువ్వు అత్తను చూసిన ప్రతిసారీ నీ ముఖం చెప్పేస్తుందని భయపడినాను. నీకు దాచే గుణం లేదు.

నిన్ను మైదుకూరు దారి పట్టించే పాపం నాకు వద్దు. వచ్చే సంతకు రెండు పొట్టేళ్ళు తోలుకుని జమ్మలమడుగు వస్తాను. ఆ వంకతో సంతకం పెట్టి పోతాను. నువ్వు గుమాస్తా దగ్గర ఉండు. కాగితం మాత్రం ఇంటికి పంపవద్దు. నీ దగ్గరే పెట్టుకో.

మామ


ప్రొద్దుటూరు,
28 డిసెంబరు 2024

మామకు నమస్కారాలు.

కాగితం వచ్చింది. మీరు సంత రోజు ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టి, పొట్టేళ్ళ తాడు పట్టుకుని వెళ్ళిపోయారు. నేను వెనకనుంచి పిలిచాను. మీకు వినపడలేదు. ఆ శాలువా మాట రాసినందుకు మీకు దండం పెట్టాలని పిలిచాను.

మరణించిన స్థలం అన్న చోట "జమ్మలమడుగు, ప్రయాణిస్తున్న వాహనంలో" అని ఉంది. దాన్ని అంగట్లో చీరల మధ్య పెట్టుకుని చదివాను. మేనేజరు చూసి కూడా పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

కానీ మామా, పని అయిపోలేదు. నాకు ఉద్యోగం ఇవ్వడానికి అభ్యంతరం లేదని మీరూ అత్తా రాసివ్వాలట. ఆ మాట నేను తీసుకుపోయి ఇస్తే చెల్లదు. వీఆర్‌ఓ ఇంటికి వచ్చి, ఫైలులో ఉన్న కాగితాలన్నీ చదివి వినిపించి, తన ముందరే అత్త చేత వేలిముద్ర వేయించుకోవాలి. అత్తకు చదువు రాదు కాబట్టి చదివి వినిపించినట్టు రాయకపోతే పైన తిప్పి పంపిస్తారట. ఎక్కడ పోయాడన్న ఆ ఒక్క ముక్క వదిలేసి చదవండి సార్ అని బతిమాలాను. "ఒకటి వదిలినానని తెలిస్తే నా ఉద్యోగం పోతాదమ్మా" అన్నాడు. అతన్నీ తప్పు పట్టలేను.

తప్పించుకున్నామనుకుంటే ఎటు తిరిగినా అత్త ముందరికే వచ్చి ఆగుతున్నాం. ఆపేయమని మీరు ఒక్క మాట రాస్తే ఆపేస్తాను అని రాయబోయాను. అది అబద్ధం మామా. ఆపలేను. ముందు గది ఖాళీ చేశాం, ఇప్పుడు వంటింటి పక్కన వసారాలో పడుకుంటున్నాం. ప్రసూన దగ్గుతోంది.

జనవరి ఇరవై తర్వాత వీఆర్‌ఓ వస్తానన్నాడు. ఆ రోజు నేను కూడా వస్తాను. ఈసారి ఇంటికే వస్తాను. అత్తకు ముందుగా మీరు చెబుతారో, నేనే చెప్పాలో నాకు తోచడం లేదు.

సుమతి


బోడిమిట్టపల్లె,
2-2-25

చిరంజీవి సుమతికి, ప్రసూనకు మామ ఆశీస్సులు.

నీ ఫైలు కడపకు పోయిందని వీఆర్‌ఓ చెప్పినాడు. గడువులోపలే పోయింది. వాళ్ళు ఎప్పుడు పిలుస్తారో ఆయనకూ తెలియదట. అంతవరకూ చీరల అంగడి వదలవద్దు. పాప దగ్గుకు మిరియాలు, బెల్లం మీ అత్త మూట కట్టి బస్సులో పంపింది, అందిందా?

ఆ రోజు ముందుగా నేను చెప్పలేకపోయినాను. రెండుసార్లు నోరు తెరిచి జీవాల సంగతి మాట్లాడినాను. ఇక ఆ వీఆర్‌ఓ, నాకు చెముడు అని ఎవరు చెప్పినారో, నేను వినాలని గొంతు చించుకుని చదివినాడు. వాహనంలో అన్న మాట నాకే వినపడిందంటే ఊరంతా వినింటుంది. రెండు రోజులకు పెద్దలు పిలిపించినారు. పొలిమేర దగ్గర పొట్టేలును ఏట కోసి శాంతి చేయమన్నారు. చేసినాను. ఓబులేసు వాళ్ళమ్మ దూరంగా కూర్చుని నన్నే చూస్తూ ఉండింది. ఆమె ముందర తలెత్తలేకపోయినాను. మిగతావాళ్ళు ఏమనుకున్నా నాకు పట్టలేదు.

వీఆర్‌ఓ చదివినప్పుడు మీ అత్త నీ వైపు తిరిగింది. నువ్వు ఆమె చెవి దగ్గర ఏదో చెప్పినావు. నేను వాకిట్లో ఉన్నాను, నాకు ముఖాలు కనపడినాయి గానీ మాటలు వినపడలేదు. ఆమె నీ తల నిమిరి వేలిముద్ర వేసింది. నువ్వు బస్సుకు పోయినావు. నువ్వు ఏం చెప్పినావో అడగాలంటే నాకు భయం. వారం పైన ఊరకున్నాను. నిన్న పొద్దున మేకపాలు పిండుతూ ఉంటే పక్కన కూర్చుని అడిగినాను. ఆమె పాలు పిండడం ఆపకుండానే చెప్పింది. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"కాగితం ఆఫీసోళ్ళది అత్తా, వాళ్ళకు ఏదో ఒక ఊరు రాయల్ల, రాసినారు. నీ చేతి నీళ్ళు మింగినాకనే పోయినాడు, నేను కలీమన్నను కూడా అడిగినా అనె ఆ పిల్ల."

నువ్వు నమ్మినావా అన్నాను.

"నేనేం పిచ్చిదాన్నా? పోసిన నీళ్ళు పోసినట్టే చెంపమీద దిగి నా చీరంతా తడిసె. ఒళ్ళు సల్లగుండె. కన్నదాన్ని, నాకు తెల్దా?"

మరి ఇన్నాళ్ళూ అందరికీ ఎందుకు చెప్పినావే అన్నాను.

"నువ్వు మింగినాడంటివి కదా. అంత దూరం సీసా పట్టుకోని, బిడ్డను కల్లంలో పండబెట్టకుండా నా ఇంట్లోకి తెచ్చిచ్చింటివి. లేదు మింగలేదు అని నేనంటే నువ్వు యాడికి పోతావు? నీకోసరమే చెప్తాంటి. చెప్పి చెప్పి నాకే యాష్టకొచ్చె. మొన్న ఆ పిల్ల చెప్పినప్పుడు మాత్రం ఒక గడియ నిజమే అనిపిచ్చె. ఆ గడియ శానా బాగుండె."

అంతే చెప్పి పాలచెంబు తీసుకుని లోపలికి పోయింది. నేను ఆమె కోసం మోస్తున్నాను అనుకున్నదాన్ని ఆమె నాకోసం మోసింది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర తింటూ ఏడాది గడిపినాము.

ఇది నీకు చెప్పవద్దని ఆమె నా చేత ఒట్టు వేయించుకుంది. తనకు తెలుసని నీకు తెలిస్తే నువ్వు మళ్ళీ ఆ మాట అనవని ఆమె భయం. ఒట్టు తప్పి రాస్తున్నాను, నీకు ఇంకొకటి దాచే ఓపిక నాకు లేదు. నువ్వు మాత్రం వచ్చినప్పుడు ఏమీ తెలియనట్టే ఉండమ్మా. వాడు ఎట్లా పోయినాడని నిన్ను మళ్ళీ అడుగుతుంది. మింగినాడని చెప్పు.

మామ తిప్పన్న